పిడికిలంత డబ్బా

లాహ్తి ఊరి చివర, బస్సు వెనక్కి తిరిగే చోట
నా షెడ్డు. అక్టోబరు ఆఖరు.
తలుపు తీసేసరికి వీధి లేదు.
అంతా తెల్లటి పొగ. అందులోంచి రెండు దీపాలు,
వాటి వెనక కౌకో గారి ఉన్ని టోపీ.

"చచ్చిపోయిందా, సాతూ?" అన్నాడు దిగుతూ,
ఆసుపత్రి వరండాలో అడిగినట్టు.

ఆయన చేసేది చర్చి ఆర్గన్లకు శ్రుతి సరిచేయడం.
వయసు డెబ్భై ఒకటి. కారుది ఇరవై రెండు.
వెండి రంగు, రెండే సీట్లు, సీట్ల వెనక ఇంజిన్.
ఆరు సిలిండర్లు అందులో
ముగ్గురిటు ముగ్గురటు
ఒకే దుప్పటి కింద పిల్లల్లా పడుకుని ఉంటాయి.

"మూడు వారాలుగా ఈల వేస్తోంది.
మధ్యమం కంటే వెంట్రుకవాసి ఎక్కువ.
వినడానికి బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను."

స్వరం బాగుంటే ఇంజిన్ బాగున్నట్టా!

నడుస్తున్న ఇంజిన్ మీద నూనె మూత తిప్పాను.
రాదు. లోపల్నుంచి ఎవరో
పంతానికి పట్టుకు లాగుతున్నారు.
నీళ్ళ గొట్టం కోసం నేను అలమార్లు వెతుకుతుంటే
ఆయన తన తోలుసంచీలోంచి ఒకటి తీశాడు,
వంపు తిరిగిన గాజుది, ఎర్ర నీళ్ళతో.
"ఆర్గన్ గాలిని మేమూ దీంతోనే కొలుస్తాం.
నా పైపులకు ఎనభై మిల్లీమీటర్లు చాలు."

ఎర్ర నీళ్ళు లేచాయి.
నూరు దాటాయి. నూటయాభై. అక్కడ ఆగాలి.
ఆగలేదు.
మూడొందల దగ్గర ఆయనే గొట్టం పీకేసి
ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

చేయి పట్టని సందులో రెండు గంటలు,
మణికట్టు మీద మూడు గీరలు.
బయటికొచ్చింది పిడికిలంత నల్ల ప్లాస్టిక్ డబ్బా.
ఇంజిన్ ఊపిరిలో గాలి ఏది, నూనె ఏది
తేల్చి, దేని దారిన దాన్ని పంపడం దీని కొలువు.
పాలనీ నీళ్ళనీ విడదీసే పక్షి ఉందంటారే,
దానికి పేరు రాని తమ్ముడు.
లోపల రబ్బరు పొర. పొరకి గోరంత చిరుగు.
ఆ చిరుగులోంచే నూనె గాలితో లేచిపోయింది,
కాలకూడని చోట కాలి
వీధి వీధంతా పరువు తీసింది.

ఇక నూనె సంగతి.
డిక్కీలో మూడు డబ్బాలు, మూడు సలహాలు.
పాత ఇంజిన్‌కి చిక్కనిదే వెయ్యమని బావమరిది,
పలచనిదే మంచిదని కొట్టు కుర్రాడు,
ఏదైనా ఒకటేనని, చవకది కొని, చర్చి కాపలాదారు.

"ముందు అంకె తెల్లారి లేవడానికి,
వెనకంకె మిట్టమధ్యాహ్నం నిలబడడానికి.
సున్నా అయితే పిలవగానే లేస్తుంది,
పదిహేను ముసుగు తియ్యదు.
ఇంతకీ రోజూ ఎంత దూరం నడుపుతారు?"

"ఇంటి నుంచి చర్చికి నాలుగు కిలోమీటర్లు.
రావడం నాలుగు."

అదీ జబ్బు.
మూత అడుగున వేలు పెట్టి చూపించాను:
మీగడలాంటి పసుపు ముద్ద.
ఒళ్ళు వేడెక్కకముందే ఆపేస్తే
ఇంజిన్ చెమట నూనెలోనే ఉండిపోతుంది,
చలికి బిగుసుకుని ఆ డబ్బా గొంతులో కూర్చుంటుంది.

డబ్బాలు మూడూ వెనక్కి తిప్పి, కళ్ళద్దాలు పెట్టుకుని
చిన్నక్షరాలు చదివాను.
కారు చేసినవాళ్ళ ఒప్పుదల ఒక్కదానికే ఉంది.
ముందు సున్నా, వెనక నలభై.
కుర్రాడు గెలిచాడు. ఎందుకో వాడికీ తెలీదు.

కొత్త డబ్బా బిగించి, ఎనిమిదిన్నర లీటర్లు పోసి అన్నాను:
"మందు ఇందులో సగమే. మిగతా సగం రోడ్డు మీద ఉంది.
చర్చికి సరస్సు చుట్టూ తిరిగి వెళ్ళండి."

పైపుల్లో మిగిలిన పాత నూనె అరగంట కాలింది.
పొగ పలచబడి వీధి తిరిగి వచ్చింది,
ఎదురింటివాళ్ళ సైకిలుతో సహా.
కౌకో గారు తల ఓ పక్కకు వంచి విన్నాడు.
"పోయింది" అన్నాడు, ఈల గురించి.
సంతోషమో కాదో పోల్చుకోలేకపోయాను.

గాజు గొట్టం నా బల్ల మీదే మరిచిపోయాడు.
తొమ్మిది రోజులైంది, తీసుకెళ్ళడానికి రాలేదు.
నిన్న సాయంత్రం షెడ్డు మూస్తుంటే
సరస్సు అవతలి గట్టున వెండి చుక్క ఒకటి కదిలింది,
తోక లేకుండా.

చర్చి ఇవతలి గట్టునే ఉంది.